ఎర్ర డబ్బాకు పసుపు దారం

ఇటు కూసో బిడ్డా, ఆ ఫోన్ పక్కకు వెట్టి మంచిగ ఇను. నా మాటలు మీ బడి తెలుగుల రాస్కో, అందరికి సమజ్ గావాలె. ఇగ రాయి.

నా చిన్నప్పుడు, పదకొండేళ్లుంటాయేమో, మేం శామీర్‌పేట దగ్గర రెండు గదుల రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. ముందు గదిలో వంట, వెనక గదిలో మా అవ్వ మంచం. తుంటి విరిగి అవ్వ లేచి నడవలేకపోయేది. ఆమెను బయటికి తేవాలంటే వంట గదిలోంచే తేవాలి, వేరే తలుపు లేదు.

మా ఇంటికి గ్యాస్ పొయ్యి వచ్చిందని చుట్టాలు స్టీలు గిన్నెలు తెచ్చారు. గాజులరామారం నుంచి మా మేనమామ మాత్రం నిప్పు ఆర్పే ఎర్ర డబ్బా ఒకటి చంకలో పెట్టుకుని బస్సు దిగాడు. ఆయన ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మా అమ్మ ముఖం మాడిపోయింది.

"చెల్లెకు చీర వెడతరు గని గిదేందన్నా? మా ఇల్లు గాలాల్నని తెచ్చినవా?"

"చీర రెండేండ్లకు చినుగుతది. గిది గోడకుంటె నాకు నిద్రవడతది," అన్నాడు మామ.

పిన్ను ఎలా లాగాలో, మంట మొదట్లోకి గొట్టం ఎలా పట్టాలో మాకు వేలితో చూపించాడు. మాతో లాగించలేదు.

దసరా నాడు సైకిలుకు, కొడవలికి పూజ చేసినట్టే అమ్మ దానికీ పసుపు కుంకుమ పెట్టింది. కష్టంలో కాపాడే వస్తువు కదా అని పిడినీ పిన్నునూ కలిపి పసుపు దారం చుట్టి ముడేసింది. కట్టిన దారం విప్పకూడదని మరుసటి దసరాకు దాని మీదే ఇంకోటి కట్టింది. మాకెవరికీ తప్పనిపించలేదు.

ఆ పండుగ పోయిన వారానికి, ఓ మధ్యాహ్నం, అమ్మ గారెలకు నూనె పెట్టి బిందెడు నీళ్లు తేవడానికి బోరింగు దగ్గరికి వెళ్లింది. అక్కడ ఎవరితోనో మాటల్లో పడింది. నేను పిండి దగ్గర ఉన్నాను. కడాయిలో పొగ లేచింది, చూస్తుండగానే నూనె అంటుకుంది. మంట పైకి లేచి అవ్వ గది తలుపుకు కట్టిన పాత చీర తెరను పట్టుకుంది.

"ఏం మాడుతాంది బిడ్డా? ఎవలున్నరాడ?" అని లోపలినుంచి అవ్వ అడిగింది. నేను గోడ దగ్గరికి ఉరికాను.

డబ్బా దించి పిన్ను లాగాను. రాలేదు. రెండు దసరాల దారం ఎండి బిగుసుకుపోయింది. పొగలో ముడి ఎక్కడుందో కూడా కనబడలేదు. అవ్వ దగ్గు వినిపించింది. కాసేపటికి అదీ ఆగిపోయింది. ఆ దగ్గు ఆగినప్పుడు పడ్డ భయం నేను మళ్లీ ఎన్నడూ పడలేదు. దారం నోట్లో పెట్టుకుని కొరికాను. పోగు తర్వాత పోగు, పంటి కింద పసుపు, చేదు. చివరి పోగు తెగాక పిన్ను ఊడొచ్చింది. కళ్లు మూసుకుని పిడి నొక్కాను.

ఇల్లంతా తెల్లటి పొడి. అమ్మ ఉరికొచ్చి గ్యాస్ కట్టేసి, కాలిన తెర తొక్కుకుంటూ లోపలికి పోయింది. అవ్వ చెద్దరు మీదికి లాక్కుని, ముఖం కప్పుకుని పడుకునుంది. చెద్దరు తీసి బయటికి చూసి, "పిండంత ఒలకవోసినవా? మీ అమ్మ తంతది," అంది. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

మామ వచ్చి ఆ తెగిన పోగులు ఏరి చేతిలో పెట్టుకున్నాడు. అమ్మను ఏమీ అనలేదు. "ఇచ్చి పోయిన గని మీ చేత పట్టియ్యలే. తప్పు నాది," అన్నాడు. కొత్త డబ్బాలు రెండు తెచ్చి, ఒకటి వాకిట్లో అమ్మ చేతా నా చేతా నొక్కించి ఖాళీ చేయించాకే రెండోది గోడకు తగిలించాడు.

మీ అమ్మ కొంపల్లిలో ఈ ఇంట్లోకి వచ్చిననాడు నేనూ ఎర్ర డబ్బానే ఇచ్చాను. ముందు ఆమె చేత పిన్ను పట్టించాను. పసుపు దారం చూస్తే ఇప్పటికీ నా నాలుక మీదికి ఆ చేదు వస్తుంది. మొన్న దసరాకు మీ అమ్మ దానికి బొట్టు పెడుతుంటే చూశాను. బొట్టు పెట్టుకో, దండం పెట్టుకో, దారం మాత్రం...

ఆఁ, వస్తున్ననే, అన్నం వెట్టు. మీ అమ్మ పిలుస్తాంది, పా బిడ్డా. పెన్ను ఆడ వెట్టి, ముందుగాల ఆ డబ్బా మీద చెయ్యేసి సూసి రా, మీ అమ్మ దానికి ఏమన్న దారం గట్టిందేమో.