స్టీమరుకు బండలు పరిచిన మొనగాణ్ణి

ముందే ఒప్పేసుకుంటున్నాను. నీళ్ల మీద తేలే వస్తువుకు బండలు పరిచిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉంటే, ఆ ఒక్కడు నేనే. రెండోవాడు ఎక్కడైనా ఉంటే అడ్రసు చెప్పండి, ఇద్దరం కలిసి సంఘం పెట్టుకుంటాం. ఈ సంగతిలో మునగాల్సిన స్టీమరు మునగలేదు, నీళ్లలో పడాల్సిన అవ్వ పడలేదు. నా పరువు మాత్రం నిలువునా మునిగింది. అది ఇప్పటికీ అడుగునే ఉంది.

నా తరఫున ఒక్క మాట చెప్పుకోనివ్వండి. మాది తాండూరు. మాకు సముద్రం లేదు. కాగ్నా నది ఉంది గానీ, ఎండాకాలంలో దాన్ని దాటడానికి చెప్పులు విప్పే పని కూడా ఉండదు. మాకున్నదల్లా బండ. ఇంట్లో కింద బండ, గోడలో అరలకు బండ, బట్టలుతకడానికి బండ, వాకిట్లో కూర్చోవడానికి బండ. మా నాన్నకు బండలు పాలిష్ చేసే కార్ఖానా. నేను మొదట నేర్చిన మాట ‘అమ్మ’ అని అమ్మ అంటుంది, ‘బండ’ అని నాన్న అంటాడు. ఇలాంటివాణ్ణి పిలిచి "జర చల్లగయ్యే ఉపాయం చెప్పు" అని అడిగితే ఇంకేం చెబుతాడు?

అడిగినవాడు మల్లేశు. బళ్లో నా పక్కన కూర్చున్న దోస్తు. వికారాబాదు దగ్గర నీళ్ల ప్రాజెక్టు ఒడ్డునే వాళ్ల ఊరు. తాతల నాటి నుంచి గొర్లు కాసే ఇల్లు. కొన్నేళ్ల క్రితం వాడికి గోదావరి ఒడ్డున తుప్పు పట్టి పడి ఉన్న పాత చక్రాల స్టీమరు ఒకటి కంటపడింది. రెండు పక్కలా రెండు పెద్ద చక్రాలు, వాటికి చెక్క రెక్కలు, మధ్యలో పొడవాటి పొగగొట్టం. ఆ చక్రాలు నీళ్లను తోస్తుంటే అది నడుస్తుంది. తెల్లదొరల కాలంలో అధికారులను మోసిందట. మనవాడు మందలో సగం అమ్మేసి, దాన్ని మూడు ముక్కలుగా లారీల మీద తెచ్చి ప్రాజెక్టు ఒడ్డున దించాడు. వాళ్ల నాయిన నెల రోజులు వాడితో మాట్లాడలేదు. మాట్లాడిన రోజున ఒక్కటే అన్నాడట: "గొర్లయితే పిల్లలు పెట్టేటివి. ఇదేం పెడతదిరా?"

ఆ ఇనుప కుప్పకు ప్రాణం పోసినవాడు ఖాజా చాచా. వికారాబాదు జంక్షన్‌లో రైలింజన్లు బాగుచేసి రిటైరైన ఫిట్టరు. ఎనిమిది నెలలు దాని బాయిలరులో తల పెట్టి కూర్చున్నాడు. చివరికి ఒకనాడు అది కూత కూసింది. ఆ కూతకు ఒడ్డున మేస్తున్న మిగతా సగం మంద కూడా పారిపోయింది.

పర్మిషన్ కాగితాలు వచ్చాయి, లైఫ్ జాకెట్లు వచ్చాయి. కరపత్రం నేను రాశాను. "చారిత్రక ఆవిరి నౌకపై వేసవి పగటి విహారం! సుందర తీరాలు!" అని రాసి, తీరాలు అన్న మాట దగ్గర ఆశ్చర్యార్థకాలు మూడు పెట్టాను. మొదటి ఆదివారానికి తాండూరు నుంచి శంకరప్ప సేటు కుటుంబం ముప్పై మందితో వస్తోంది. సేటుది కందిపప్పు వ్యాపారం, ఒళ్లు కందిపప్పు బస్తా. ఆయన ఒక వస్తువును బాగుందంటే బజారంతా బాగుందంటుంది. ఆయన మూతి విరిస్తే ఊరంతా విరుస్తుంది. మల్లేశు నాయిన అప్పటికే పాత ఇనుము కొనే ఆయనతో మాట్లాడి ఉంచాడు. ఆదివారం సేటు కుటుంబం మెచ్చిందా, స్టీమరు ఉంటుంది. మెచ్చలేదా, సోమవారం గ్యాస్ కట్టరు వస్తుంది.

శుక్రవారం మల్లేశు ఫోను. "అన్నా, ఎండకు ఇనుప రేకు పెనం లెక్క కాలుతున్నది. సేటు వాళ్ల అవ్వ గూడ వస్తున్నదట. కాళ్లు కాలితే అయిపాయె. జర చల్లగయ్యే ఉపాయం చెప్పు."

తడిపిన గోనెసంచులు అని వాడి ఉద్దేశం. ఆ మాట వాడు నాకు తర్వాత చెప్పాడు. చాలా సార్లు చెప్పాడు.

"ఫికర్ చెయ్యకు తమ్మీ. నేను చూసుకుంట" అన్నాను.

ఖాజా చాచా చుట్టాల పెళ్లికి పరిగి పోయాడు. మల్లేశు టెంటు సామాన్ల కోసం నవాబుపేట పోయాడు. శనివారం నేను మా కార్ఖానా మేస్త్రీలతో దిగి, నున్నగా పాలిష్ పట్టిన బండలు డెక్కు నిండా పరిపించాను. సందుల్లేవు, ఎగుడుదిగుళ్లు లేవు. కాలు పెడితే కుండలో నీళ్లంత చల్లన. వెనక్కి జరిగి నడుము మీద చేతులు పెట్టుకుని చూసుకున్నాను. తాజ్‌మహలు కట్టించినాయన కూడా అంత తృప్తిగా చూసుకుని ఉండడు.

ఆదివారం పొద్దున చాచా వచ్చి డెక్కు చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు.

"ఏ క్యా హై బేటా?"

"బండ చాచా. కాలు పెట్టి చూడు, ఎట్లుందో!"

"స్టీమరుకు బండనా?"

"మామూలు బండ గాదు, తాండూరు బండ."

"తాండూరుదైతే తేలుతదా?"

చాచా వంగి నీళ్లలోకి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "చక్రం అంచు నీళ్లల ఉండాలె. గిది ఇరుసు దాంక మునిగింది. తీసెయ్, సబ్ తీసెయ్!"

అప్పుడే సేటు వాళ్ల బస్సు హారన్ కొట్టుకుంటూ దిగింది. మల్లేశు రెండు చేతులు జోడించాడు. "చాచా, ఇప్పుడు బండలు తీస్తుంటె జూస్తే వాళ్లు బస్సు దిగకుండనే వాపస్ పోతరు."

చాచా మీసం నమిలాడు. "సరే. అందరికి జాకెట్లు కట్టు. లోతుకు పోను. ఒడ్డు ఒడ్డుకే పోత."

బస్సులోంచి ముందు దిగింది సేటు వాళ్ల అమ్మ నీలమ్మవ్వ. బషీరాబాదు దిక్కు పుట్టిన మనిషి, సగం మాట కన్నడం, సగం మాట తెలుగు. చేతిలో రొట్టెల డబ్బా. ఆమె డెక్కు మీద చెప్పులు విప్పి బండ మీద పాదం మోపింది. "ఏనప్పా ఇది! మా ఇంట్ల ఉన్నట్టే ఉన్నది!"

నేను చాచా వైపు చూశాను. చాచా కావాలని పొగగొట్టం వైపు చూశాడు.

కూత కూసింది, చక్రాలు తిరిగాయి, బయల్దేరాం. పాపం, నిజంగానే అందంగా ఉంది. ఒక పక్క అనంతగిరి గుట్టలు, ఒడ్డున తెల్లకొంగలు, నీళ్లలో మెడదాకా కూర్చున్న ఒక బర్రె. నెత్తిన తెల్ల టోపీ పెట్టుకుని నేను తీరాలు చూపిస్తున్నాను. కెప్టెన్ పదవి నాకు ఎవరూ ఇవ్వలేదు. టోపీ నేనే కొనుక్కున్నాను.

ప్రాజెక్టు వంపు దగ్గర తిరిగేసరికి ఎండ కుడిపక్కకు వచ్చింది. మేలో మా దిక్కు మనిషికి ఎండ తగిలితే ఏం చేస్తాడు? నీడకు జరుగుతాడు. ఒకరు ఎడమపక్క టెంటు నీడకు జరిగారు. ఆ వెనకే ముప్పై మందీ జరిగారు. స్టీమరు ఎడమకు ఒరిగింది. ఎడమ చక్రం నీళ్లలో నిండా మునిగి రొప్పుతోంది. కుడి చక్రం గాలిలోకి లేచి, పెళ్లిలో పని దొరకని మేనమామలా ఊరికే తిరుగుతోంది. దాంతో మేం గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాం.

"ఏమయ్యా సురేశూ" అన్నాడు సేటు నాతో, "గా బర్రెను ఇందాక జూసినం గదా?"

"అది వేరే బర్రె సేటు."

ఇంకో చుట్టు అయ్యింది.

"మూడోసారి గదే బర్రె. కొమ్ము ఇరిగిందే. సుందర తీరాలని రాసినవ్. ఉన్న ఒక్క తీరాన్నే తిప్పి తిప్పి చూపిస్తున్నవా?"

"గది గూడ మనల్ని గుర్తువట్టింది" అంది నీలమ్మవ్వ.

అందరూ నవ్వారు, నాకు రోషం వచ్చింది. కెప్టెన్ అన్నాక ఏదో ఒక ఆజ్ఞ ఇవ్వాలి కదా? "అందరూ కుడిపక్కకు రండి!" అని అరిచాను.

"వద్దు, వద్దు! సగం మందే!" అని చాచా కింద నుంచి అరిచేలోపే ముప్పై మందీ ఒక్క ఊపున కుడికి ఉరికారు. స్టీమరు ఇటు ఒరిగి, ఒడ్డు వైపు తిరిగి, ఎండాకాలపు బురదలోకి నోరు పెట్టి, బుస్‌మని ఆగిపోయింది. ఒడ్డు ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఆ ఒడ్డున ఒక మోటారు సైకిలు, దాని మీద పాత ఇనుమాయన. కన్ను చికిలించి మా పొగగొట్టాన్ని పై నుంచి కిందిదాకా అంచనా వేస్తున్నాడు.

మల్లేశు మొహం చూడలేకపోయాను. "మంద అమ్మి తెచ్చిన అన్నా" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

చాచా పైకొచ్చాడు. "బరువు దించాలె. మనుషులను దించు."

నీలమ్మవ్వ బురద వైపు చూసింది. "నేను దిగ. గింత బురదల మా బర్రెగూడ దిగదు."

అవ్వ దిగనంటే సేటు దిగడు. సేటు దిగకపోతే మిగతా వాళ్లు ఎవరూ దిగరు. మల్లేశు బురదను చూశాడు, బండలను చూశాడు. ఒక్కసారిగా వాడి గొంతు మారిపోయింది.

"అన్నా, మందను బురద దాటియ్యాలంటె మేమేం జేస్తమో ఎరికెనా? రాళ్లేస్తం. వాటి మీదికెల్లి దాటిస్తం. లేపు బండలు!"

మోకాలిలోతు బురదలో నిలబడి నేనూ మల్లేశూ, సేటు అన్న కొడుకులిద్దరూ డెక్కు మీది బండలు ఒక్కొక్కటే లేపి, స్టీమరు దగ్గర్నుంచి ఒడ్డు దాకా పరిచాం. కంగారులో పరిచానే గానీ, మధ్యలో ఒక బండ వంకరగా ఉందని మళ్లీ లేపి సర్దాను. అలవాటు. సేటు పై నుంచి చూసి "మూలమట్టం పెట్టి చూడరాదు!" అన్నాడు.

అవ్వ గొడుగు పట్టుకుని, ఇంకో చెయ్యి నా నెత్తి మీద పెట్టి, పెళ్లికూతురిలా నడిచింది. ఒడ్డు చేరాక వెనక్కి తిరిగి చూసుకుంది. "కాశికి పోయిన, శ్రీశైలం పోయిన. నా కాళ్ల కింద గిట్ల బండలు పరిచినోడు ఎవ్వడు లేడు. బంగారం ఉన్నవ్ పో!"

మిగతా వాళ్లు తోసుకోబోతుంటే మల్లేశు నాలుక మడిచి "హుర్ర్ర్... హో!" అని మందను పిలిచే కూత కూశాడు. ఏం మాయో, ముప్పై మందీ బుద్ధిగా వరసకట్టి దిగారు.

అందరూ దిగాక అవ్వకు రొట్టెల డబ్బా గుర్తుకొచ్చింది. నేను గంతేసి ఎక్కాను. ఎక్కి డబ్బా అందుకున్నానో లేదో, బండలు పోయి మనుషులు పోయి తేలికైన స్టీమరు సుతారంగా బురదలోంచి పైకి లేచి వెనక్కి జారింది. డెక్కు మీద నేను, కింద చాచా, చంకలో అవ్వ రొట్టెలు.

"ఓ బండ కెప్టెన్!" ఒడ్డు నుంచి సేటు చెయ్యి ఊపాడు. "టాటా!"

"పోతె పో! నా రొట్టెలు ఇచ్చి పో!" అని అవ్వ.

చాచా ఆవిరి పెంచాడు. చక్రాలు ఎంత మునగాలో అంతే మునిగాయి. స్టీమరు హంసలా ఒక చుట్టు తిరిగి, నేను పరిచిన బండల దారి కొసకు వచ్చి, కొలిచినట్టు ఆగింది. బర్రెతో సహా అందరూ నోరు తెరిచి చూశారు.

"ఇగో, ఇప్పుడు సక్కగ పోతున్నది" అంది అవ్వ, కొంగు బిగించి. "నన్ను మల్ల ఎక్కియ్యి."

"అమ్మా, ఇంటికి పోదమా?" అన్నాడు సేటు.

"నువ్వు పో. నేను అవుతలి తీరం జూడలే."

అందరం మళ్లీ ఎక్కాం. రేకు కాలకుండా తడిపిన గోనెసంచులు పరిచాం. సగం మంది ఇటు, సగం మంది అటు కూర్చునేలా మల్లేశు తన మంద కూతతో సర్దాడు. సాయంత్రం దాకా తిరిగాం, జొన్నరొట్టెలు తిన్నాం. దిగేటప్పుడు అవ్వ తీర్పు చెప్పింది: "వచ్చే ఐతారం మా బషీరాబాదు చెల్లెండ్లను తోల్కొస్త." మల్లేశు నాయిన పోయి పాత ఇనుమాయన భుజం మీద చెయ్యి వేసి బండి స్టార్టు చేయించాడు. ఆయన మళ్లీ రెండో ఆదివారం కనిపించాడు, పెళ్లాంపిల్లలతో, టికెట్లు పట్టుకుని. నేను పరిచిన దారే స్టీమరు రేవయ్యింది. వానాకాలంలో మునుగుతుంది, ఎండాకాలం రాగానే తేలుతుంది. నేను చేసిన పనుల్లో తేలిందంటూ ఉంటే అదొక్కటే.

స్టీమరు నిలబడింది గానీ నా పేరు పోయింది. శంకరప్ప సేటు పుణ్యమా అని ఆ వేసవంతా తాండూరు బజారులో నేను బండ కెప్టెన్నే. పప్పు కొనబోతే "కెప్టెన్ సాబ్, మీ ఇంట్ల బకిట్లకు గూడ బండలు పరిచినవా?" చాయ్ తాగబోతే "కప్పుల బండ వేస్కో, చల్లగైతది." నేను నవ్వి ఊరుకున్నాను. నవ్వి ఊరుకున్నవాణ్ణి నమ్మకండి.

ఒకనాడు చాచా గడ్డం గోక్కుంటూ వచ్చాడు. "బేటా, ఎంత సర్దినా జనం నీడకే జరుగుతుండ్రు. ఎండపక్క ఒక బరువు కదలకుంట ఉండాలె. మూడు బండలంత."

"మూడు బండలు పంపియ్యనా?" అనబోయి నాలుక కరుచుకున్నాను. అప్పుడే మూడు బండలంత మనిషి ఒకరు మనసులో మెదిలారు.

పూలదండ పట్టుకుని సేటు దుకాణానికి పోయాను. "సేటు, మీ వల్లనే స్టీమరు నిలబడ్డది. మీకోసం కుడిపక్కన ప్రత్యేకంగ ఒక కుర్చీ బిగించినం. అందులో ఇంకెవ్వరు కూసోవద్దు." సేటు కళ్లు చెమర్చాయి. బజారంతా చెప్పుకున్నాడు. ప్రతి ఆదివారం దండ వేసుకుని ఆ కుర్చీలో కూర్చుంటాడు. నడి మే నెల, నడినెత్తిన ఎండ. నీడలో కూర్చున్న వాళ్ల అమ్మ గొడుగు కింద ముసిముసిగా నవ్వుతుంటుంది. ఆమెకు తెలుసు. ఆయన చెమట తుడుచుకుని నీడకు రావడానికి లేవబోతే, మల్లేశు మెల్లగా "హుర్ర్ర్..." అంటాడు. సేటు తనకు తెలియకుండానే మళ్లీ కూర్చుంటాడు.

ఇక నా ప్రమాణం. కాగ్నా నీళ్ల సాక్షిగా, అందులో నీళ్లున్న నెల చూసి మరీ చెబుతున్నాను: తేలేదానికీ, ఎగిరేదానికీ, చక్రాల మీద నడిచేదానికీ నా జన్మలో మళ్లీ బండలు పరచను. కుర్చీల సంగతి ఈ ప్రమాణంలో లేదు. అందుకే సేటు కుర్చీ అడుగున, వంగి చూస్తే తప్ప కనబడని చోట, మా కార్ఖానాలో లోడు పంపేటప్పుడు వేసే ముద్ర ఒకటి వేసి ఉంచాను: "తాండూరు బండ. ఫస్ట్ క్వాలిటీ. మూడు."