జూనియర్ అని రాసి ఉన్న బ్యాటు

సాఫ్ట్‌బాల్‌లో సీనియర్ అంటే ముసలివాడని అర్థం కాదు. ఆ సంగతి అందరికన్నా బాగా తెలియాల్సింది నాకు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ స్కూలు పిల్లలకి ఆ ఆటే నేర్పాను. సబ్ జూనియర్లు, జూనియర్లు, సీనియర్లు అని వయసు లెక్కన విడదీసి మైదానం చుట్టూ పరిగెత్తించాను. సీనియర్లంటే ఒంట్లోకి బలం పూర్తిగా వచ్చినవాళ్ళు, పెద్ద పోటీలకి వెళ్ళేవాళ్ళు. ఇన్ని తెలిసిన నేను డాబాగార్డెన్స్‌లో ఒక స్పోర్ట్స్ షాపుకి ఫోన్ చేసి, “సీనియర్ ప్లేయర్లకి నాలుగు బ్యాట్లు పంపండి” అన్నాను. పంపారు. ఒక్కొక్కటీ రోకలిలా ఉంది.

తప్పు నాది అంటే మాత్రం ఒప్పుకోను. మా గుంపుని ఊరంతా సీనియర్స్ అనే పిలుస్తుంది. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు “సీనియర్స్ వచ్చారు” అని గేటు తీస్తారు. వాట్సాప్ గ్రూపు పేరు కూడా అదే. రోజూ చెవిన పడే మాట తన అర్థం మార్చుకుని కూర్చుంటే నేనేం చెయ్యను? షాపతన్ని గట్టిగా అడుగుదామని మళ్ళీ ఫోన్ చేశాను.

“సీనియర్స్‌కనీసి మీరే కదండీ సెప్పారు మేడమ్. ముసిలోళ్ళకని సెప్తే నాను మరోటి సూసీవోణ్ణి కదా” అన్నాడు.

ఒళ్ళు మండింది గానీ అతను అన్నదాంట్లో వంక పెట్టడానికేమీ లేదు. బ్యాట్ల మీదున్న పాలిథిన్ కవర్లు చిరగకుండా ఉంటే మార్చి ఇస్తానన్నాడు. అంటే, బంతిని కొట్టకుండానే బ్యాటు మంచిదో కాదో మేం తేల్చుకోవాలి.

మా గుంపు గురించి చెప్పాలి. స్టీల్ టౌన్‌షిప్‌లో ఒక చివరనున్న మైదానంలో రోజూ పొద్దున్నే చేరతాం. చాలామంది ప్లాంటులో పనిచేసి రిటైరైనవాళ్ళు. క్వార్టర్లు ఖాళీ చేసి సబ్బవరం వైపు కొత్త కాలనీల్లో ఇళ్ళు కట్టుకున్నా, కాళ్ళు మాత్రం ఇటే లాగుతాయి. పోర్టులో రిటైరైన ఆయన ఒకడున్నాడు, నోరు ఊరుకోదు. నాతో కలిపి ఆడవాళ్ళం కొందరం. మొదట అందరం నడకకే వచ్చేవాళ్ళం. రోజూ అదే చుట్టూ తిరిగి తిరిగి విసుగెత్తి, నా దగ్గరున్న పాత బంతితో ఆట మొదలుపెట్టాం. ఆ బంతి క్రికెట్ బంతికన్నా పెద్దది, చెయ్యి కిందనుంచి ఊపి వేస్తారు. కొట్టగానే మొదటి గుర్తు దగ్గరికి పరిగెత్తాలి, బంతి ముందు చేరితే అవుటు. మేం ఇంకా నెమ్మదిగా, గాల్లోకి లేచి దిగేటట్టు వేసుకుంటాం. బ్యాట్లు మాత్రం ఏదో స్కూలు వదిలించుకున్నవి. సొట్టలు పడి, గ్రిప్పులు ఊడిపోయి ఉన్నాయి. అందుకే కొత్తవి తెప్పించాం.

అందరికన్నా దూరం కొట్టేది మా బావ, అంటే అక్క భర్త. ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. బావ కొడితే బంతి వెతకడానికి తుప్పల్లోకి వెళ్ళాల్సిందే. కిందటేడు కుడి భుజం పట్టేసింది. ఇంజెక్షన్లు, కాపడాలు, గోడకి చెయ్యి పాకించే వ్యాయామాలు అన్నీ అయ్యాయి. అయినా ఆ చెయ్యి భుజం ఎత్తు దాటి పైకి లేవడం మానేసింది. అప్పట్నుంచి స్కూటరు నేను నడుపుతున్నాను. వెనక కూర్చుని “బ్రేకెయ్యి, బ్రేకెయ్యి” అని ప్రాణం తీస్తాడు.

సీనియర్ బ్యాట్లు వచ్చిన రోజు మావాళ్ళ ఆనందం చూడాలి. తప్పు బ్యాట్లు వచ్చాయని నేను నెత్తి కొట్టుకుంటుంటే, వాళ్ళు ఒకళ్ళ చేతిలోంచి ఒకళ్ళు లాక్కుంటున్నారు. స్టీలు మనుషులకి బరువంటే నమ్మకం. బరువుంటే సరుకున్నట్టు, తేలిగ్గా ఉంటే ఎక్కడో మోసం జరిగినట్టు. వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకుని మోత వింటున్నారు. బావ నా చేతిలోని స్కూటరు తాళం లాక్కుని దాంతో కొట్టి చూశాడు.

“ఇదీ బ్యాటంటే. సరుకు గట్టిది” అన్నాడు.

“పాలిథిన్ చిరుగుతుంది బావా, మెల్లగా.”

“సిరగనీ. వెనక్కి ఎందుకిత్తాం?”

నాలుగింటిలోకీ బరువైనదే పట్టుకుని నిలబడ్డాడు. బంతి లేకుండా ఒక్కసారి ఊపి చూపించమన్నాను. ఊపాడు. బ్యాటు సగం దూరం బాగానే వచ్చింది, తర్వాత భుజం దగ్గర ఏదో పట్టినట్టు ఆగి, చివరికి దాని బరువుకి అదే కిందికి జారింది. మొహంలో నొప్పి దాచుకోవాలని చూశాడు గానీ నేను ఎదురుగానే ఉన్నాను. పాలిథిన్ జారుతోందని చెప్పి బ్యాటు బెంచీకి ఆనించి కూర్చున్నాడు. మేం ఇంటికి బయల్దేరేదాకా లేవలేదు.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. వేడినీళ్ళ బ్యాగు భుజం మీద పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడట. రేపట్నుంచి గ్రౌండుకి రానన్నాడట.

“మంచిదేగా, ఆటలో భుజం ఇంకా పాడవుతుందన్న భయం నీకు పోయింది” అన్నాను.

“మంచిదేటి నీ మొహం! ఆడితే భుజం పోతాది. మానేత్తే మడిసే పోతాడు. ఇంట్లో కూకుంటే గోడలకేసి సూత్తాడే, నాకు భయమేత్తంది. ఏదో ఒకటి సూడు” అంది.

అక్క అలా భయపడి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆ సాయంత్రమే బ్యాట్లు సంచిలో వేసుకుని షాపుకి వెళ్ళాను.

బ్యాటు ఎంచడం గురించి పిల్లలకి నేను చెప్పిన సంగతి ఒకటుంది. రెండు బ్యాట్లు తూకంలో సమానంగా ఉన్నా చేతికి సమానంగా ఉండవు. బ్యాటుని అడ్డంగా ఒక్క వేలి మీద నిలబెట్టి చూడాలి. అది ఎక్కడ నిలబడితే బరువు అక్కడుందన్నమాట. కొసకి దగ్గరగా నిలబడితే ఊపేటప్పుడు ముందుకి గుంజుతుంది, బలమున్నవాళ్ళకి దెబ్బ బాగా పడుతుంది. పిడి వైపుకి నిలబడితే మణికట్టు తిప్పగానే తిరుగుతుంది. మాకు కావలసింది ఆ రెండోది. షాపులో ఉన్నవన్నీ వేలి మీద నిలబెట్టుకుంటూ కూర్చుంటే షాపతను మొదట నవ్వాడు, తర్వాత ఫ్యాను వేశాడు, తర్వాత టీ తెప్పించాడు. చివరికి మూడు దొరికాయి. అందులో ఒకటి మరీ బాగుంది. షాపు మొత్తంలో అదే తేలిక. పట్టుకుంటే చేతికి అంటుకుపోయినట్టుంది.

“అవి జూనియర్‌వి మేడమ్. స్కూలు పిల్లలకి” అన్నాడు.

నిజమే. మూడింటి మీదా లావుపాటి అక్షరాల్లో జూనియర్ అని రాసి ఉంది. అది అతికించిన కాగితమైతే గీకి పారేసేదాన్ని. పెయింటుతో అచ్చేశారు. సరే అని ఆ మూడూ తీసుకుని, పెద్దవాటిలో ఒకటి మాత్రం మార్చకుండా అట్టే పెట్టుకున్నాను. మాలో గట్టివాళ్ళు ఎవరైనా వాడతారు కదా అని.

మర్నాడు బావని బతిమాలి, తిట్టి, చివరికి అక్క చేత తిట్టించి స్కూటరెక్కించాను. మైదానంలో సంచి విప్పగానే పోర్టాయన బ్యాటు మీద అక్షరాలు గట్టిగా చదివాడు. అందరూ ఘొల్లుమన్నారు. ఆ నవ్వులో నేను ముందు ఊహించనిది ఒకటుంది. వీళ్ళ బతుకంతా సీనియారిటీ మీద నడిచింది. సీనియారిటీ లెక్కనే క్వార్టరొచ్చింది, ప్రమోషనొచ్చింది. క్యాంటీన్లో పక్కకి జరిగి చోటివ్వడం కూడా సీనియర్‌కే. జూనియర్ అన్న మాట దాటి పైకి రావడానికి ఏళ్ళు పట్టినవాళ్ళు. ఇప్పుడు నేను తెచ్చి ఆ మాట చేతిలో పెడుతున్నాను.

“నన్ను మళ్ళీ ట్రైనీలో వేసీసినావేటి?” అన్నాడు బావ. ముట్టుకోనైనా ముట్టుకోలేదు.

నా కోపం సంగతి నాకు తెలుసు. అక్కడే అరిచేదాన్ని. ఆపుకుని ఇంటికెళ్ళి ఆలోచించాను. కంటికి అక్షరాలు కనబడకపోతే చేతికి నిజం తెలుస్తుంది కదా అనుకున్నాను. మరుసటి రోజు అక్క దగ్గర పాత తలగడ గలీబులు నాలుగు అడిగి తీసుకుని, నాలుగు బ్యాట్లకీ తొడిగి, పిడి మాత్రం బయటికి ఉంచి తాడుతో కట్టాను. మైదానంలో బెంచీ మీద వరసగా పెట్టాను. పూల గలీబుల్లో బ్యాట్లు చూసి పోర్టాయన, “పడుకున్నాయి, లేపకండి” అన్నాడు.

అందరూ ఒక్కొక్కటీ ఎత్తి, ఊపి, చేతికి ఏది నచ్చిందో చెప్పాలి. ఇంతే పరీక్ష. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఊపారు. బరువే సరుకన్నవాళ్ళు, మోత విన్నవాళ్ళు, అందరూ తేలికవాటిలో ఏదో ఒకటి పట్టుకుని “ఇది బాగుంది” అన్నారు. గలీబు కాస్త పైకి లాగి ఎవరిది వాళ్ళకే చూపిస్తుంటే సిగ్గుపడుతూ నవ్వుతున్నారు. పోర్టాయన అయితే తను పట్టుకున్నదాన్ని నేను అడిగేదాకా కింద పెట్టలేదు. నా పరీక్ష గెలిచినట్టే అనుకున్నాను.

చివరగా బావ వచ్చాడు. నాలుగూ ఎత్తాడు. ఏదీ ఊపలేదు. చేతిలో కాస్త ఆడించి దించాడు. తిన్నగా వెళ్ళి బరువున్నదాన్ని పట్టుకుని, “ఇది” అన్నాడు.

అందరూ నా వంక చూశారు. గలీబు తీయక్కర్లేదు, నాకు తెలుసు. బావ బ్యాటు బెంచీ మీద పడేసి కొళాయి వైపు వెళ్ళిపోయాడు. ఇక నావల్ల కాలేదు. వెనకాలే వెళ్ళాను.

“అక్కని ఏడిపించడానికా? నన్ను పదిమందిలో వెర్రిదాన్ని చెయ్యడానికా? తేలిగ్గా ఉన్నది నీ చేతికి తెలియలేదా?” అని అరిచాను.

బావ కొళాయి కట్టేసి మొహం తుడుచుకున్నాడు.

“తెలీకేటి పిల్లా. క్రేన్ మీద కూకుని, తాడు లాగీ లాగుడు సూసి బరువు సెప్పినోణ్ణి. నువ్వు గలీబు తొడిగేత్తే తెల్దా?”

“మరి?”

 బావ మెల్లగా అన్నాడు. “అది బరువుంది. అందుకే ఊపలేపోనాను. తప్పు బ్యాటుది. ఆ పిల్లల బ్యాటు పట్టుకుని, అదీ ఊపలేపోనాననుకో, అప్పుడు తప్పెవులిది? దానికన్నా తేలికది మరోటి ఉందేటి నీ షాపులో?”

 పరువు అనుకున్నాను, పంతం అనుకున్నాను, సీనియారిటీ అనుకున్నాను. మనిషి భయపడుతున్నాడని నాకు తట్టలేదు. అతని భయం నాకూ పట్టుకుంది. ఉందని అబద్ధం చెప్పొచ్చు, వేరే ఊరి నుంచి తెప్పిస్తాననొచ్చు. కానీ బావకి అబద్ధం కూడా బరువు చూసి తెలిసిపోతుంది.

“లేదు బావా. అదే ఆఖరు” అన్నాను.

తలూపాడు. ఇద్దరం వెనక్కి వచ్చాం. బావ బెంచీ మీద కూర్చున్నాడు.  గలీబులు మడిచి సంచిలో పెట్టి, ఆట మొదలుపెట్టించాను. బంతి నేనే వేస్తున్నాను. ఒక్కొక్కళ్ళూ కొట్టి పరిగెత్తి, పరిగెత్తలేనివాళ్ళు నడిచి, మళ్ళీ వరస చివరికి చేరుతున్నారు. పోర్టాయన అవుటై వస్తూ బావ ముందు ఆగాడు. అన్నిటికన్నా తేలిక బ్యాటు పిడి బావ వైపు తిప్పి పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి ఆ నోటికి హాస్యమేదీ రాలేదు.

బావ లేచాడు. జూనియర్ అన్న అక్షరాలు బయటికి కనిపిస్తూనే ఉన్నాయి, తిప్పి పట్టుకోలేదు. రెండు చేతులూ పిడి మీద కాస్త పైకి జరిపి పట్టుకోమన్నాను. జరిపాడు. మోచేతులు కిందికే ఉంచి, నడుముతో తిరగమన్నాను.

మొదటి బంతి తగల్లేదు. రెండోదీ తగల్లేదు. రెండోసారి ఊపినప్పుడు పళ్ళు బిగించడం చూశాను. ఆపేద్దామా అని అడగబోయి మానుకున్నాను. మూడోది వీలైనంత మెత్తగా, అతని నడుము ఎత్తులో దిగేటట్టు వేశాను. తగిలింది. తుప్పల్లోకి ఏమీ పోలేదు. నా పక్కనుంచి దొర్లుకుంటూ వెళ్ళి గడ్డిలో ఆగింది. బావ దానివంకే చూస్తూ నిలబడిపోయాడు. “పరిగెత్తు బావా” అని అందరం అరిస్తే అప్పుడు పరిగెత్తాడు. సగం దూరంలోనే అవుటయ్యాడు. ఎవరో చప్పట్లు కొట్టబోతే గుడ్లురిమి చూశాడు.

బ్యాటు చేత్తో పట్టుకునే నా దగ్గరికి వచ్చాడు. ఎడం చేత్తో కుడి భుజం నొక్కుకుంటున్నాడు, రొప్పుతున్నాడు. నాకు తప్ప ఎవరికీ వినపడకుండా అన్నాడు.

“ఇదీ బరువుగానే ఉందే, పిల్లా.”

  నేనేమంటానో వినడానికి ఆగలేదు. ఆ బ్యాటు అలాగే పట్టుకుని, మళ్ళీ తన వంతు కోసం వరస చివరికి వెళ్ళి నిలబడ్డాడు.