గోడ మీది పాస్‌వర్డ్

ఆ రోజుల్లో, పుస్తకంలో ఉన్నదంతా లోకంలోనూ చెల్లుతుందని నమ్మేవాణ్ణి. తిరువూరు లైబ్రరీలో డేటాబేస్‌ల మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. డిక్షనరీ పక్కన పెట్టుకుని దాన్ని అట్ట నుంచి అట్ట దాకా సొంతంగా చదివాను. (నాకు ముందు దాన్ని ఎవరూ ముట్టుకోలేదని లైబ్రేరియన్ గారు అంటే నన్ను మెచ్చుకుంటున్నారనే అనుకున్నాను.) ఆ ధైర్యంతోనే మా మామయ్య మామిడికాయల కమీషన్ కొట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

మా కాయలు కొనే జ్యూసు కంపెనీ, ఏ లారీ ఏ గేటుకు రావాలో రోజూ తన కంప్యూటర్లో పెట్టేది. మా డేటాబేస్ అక్కడికి వెళ్లి ఆ సంగతి తెచ్చుకోవాలంటే పాస్‌వర్డ్ కావాలి. ఆ పాస్‌వర్డ్ ఎక్కడుండేదనుకున్నారు? కాటా పక్క గోడ మీద, సుద్దతో, అరచెయ్యంత అక్షరాల్లో! విస్సన్నపేట నుంచి కాయలు తెచ్చే ఆటోవాళ్లు కూడా చదువుకునేవారు. నాకు ఒళ్లు మండిపోయింది. దాన్ని డేటాబేస్‌లోనే తాళం వేసి దాచాను, ఇక డేటాబేసే వెళ్లి కంపెనీకి చెప్పుకుంటుంది. తడిగుడ్డతో గోడ తుడిచి, కొట్లో అందరినీ నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. "అడిగింది ఎవరైనా సరే, పాస్‌వర్డ్ చెప్పకూడదు."

విన్నారు. అదే నా ఖర్మ.

వారం తిరక్కుండానే మామయ్య నెమలి ఊళ్లో గుడికి వెళ్లి, దర్శనం చేసుకుని, మంచి ఘడియ చూసి ఫోన్లోంచి కంపెనీ పాస్‌వర్డ్ మార్చేశాడు. మర్నాడు మా డేటాబేస్ పాతదే పట్టుకుని తలుపు కొట్టింది. కంపెనీ పొమ్మంది. బయట లారీలో బంగినపల్లి కాయలు ఎండకు మగ్గిపోతున్నాయి. మధ్యాహ్నంలోగా గేటుకు చేరకపోతే లోడు వెనక్కే.

"మామయ్యా, కొత్తది చెప్పు, లోపల మార్చాలి."

"చెప్పను."

"నేను మామయ్యా!"

"ఎవరైనా సరే అన్నావుగా? అందులో నువ్వు లేవేంట్రా?"

"దాచేవాడికైనా చెప్పాలి కదా!"

"ఆ ముక్క పుస్తకంలో రాయలేదా బాబూ?" అన్నాడు గుమాస్తా, కళ్లజోడు తుడుచుకుంటూ.

"గొడవ తర్వాత పడండి సార్, కాయ పండైపోతోంది!" అని లారీ డ్రైవరు గుమ్మంలోంచి కేకేశాడు.

చివరికి, ఏ గడిలో కొట్టాలో నా చేత చూపించుకుని, మామయ్యే కుర్చీ లాక్కున్నాడు. నన్ను గోడవైపు తిరగమన్నాడు. నేను తుడిచిన గోడే. కీబోర్డు మీద కండువా కప్పి, దాని కిందకి తొంగిచూస్తూ, ఒక్కో అక్షరం పైకి చదువుతూ ఒంటివేలితో కొట్టాడు. డ్రైవరు విన్నాడు, గుమాస్తా విన్నాడు, నేను మాత్రం చెవులు మూసుకోవాలట! (మూసుకున్నాను కూడా. ఎంత చదివి ఏం లాభం?) గేటు నంబరు వచ్చింది.

"మంచి పాస్‌వర్డండీ, తేలిగ్గా గుర్తుంటుంది," అంటూ డ్రైవరు లారీ ఎక్కాడు.

తలుచుకుంటే ఇప్పటికీ కోపమే. కానీ గోడకేసి తిరిగి, చెవులు మూసుకుని నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తే, మెల్లగా వాడి చేతులు దింపి ఆ పాస్‌వర్డేదో చెవిలో చెప్పాలనిపిస్తుంది. చెబుదామంటే, అదేమిటో నాకు ఈనాటికీ తెలియదు.