ఫీడులో అక్క పేరు

ఈ వేసవిలో ఒకనాడు పొద్దున్నే టీ తాగుతూ ఫోనులో ఫీడ్ రీడర్ తెరిస్తే, పోయి రెండేళ్లు దాటిన మా అక్క బ్లాగు పేరు లావుపాటి అక్షరాల్లో, కొత్త రాత వచ్చిందన్న గుర్తుతో కనిపించింది. ముందు భయమేసింది, ఆ వెంటనే ఎక్కడలేని సంతోషమూ కలిగింది.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, తెలుగు బ్లాగులు కళకళలాడిన ఆ రోజుల్లో ఎవరేం రాశారో చూడాలంటే ఒక్కో సైటు గుమ్మమూ ఎక్కి దిగాల్సి వచ్చేది. నరసరావుపేటలో నేను పనిచేసిన ఇంటర్నెట్ సెంటర్లో ఈ ఫీడ్ రీడర్ సంగతి తెలిశాక ఆ తిరుగుడు తప్పింది. నచ్చిన సైట్లను ఒక్కసారి చేర్చుకుంటే చాలు, వాటిలో కొత్తగా ఏది రాసినా అదే మన ముందుకొచ్చేది. నేను మొదట చేర్చుకున్నది మాచవరంలో కాపురముంటున్న అక్క బ్లాగే. మిరపకాయల ఘాటుకు తుమ్ముకుంటూ, బావను ఆడిపోసుకుంటూ ఏదో ఒకటి రాసేది. ఆమె ఎదుట దాని ఊసెత్తితే ఎక్కడ లోకువైపోతానో అని బావ పొలానికి వెళ్లి, అక్కణ్నుంచి నాకు ఫోన్ చేసి చదివించుకుని, తన మీద పడిన చివాట్లకు తనే కడుపుబ్బ నవ్వేవాడు.

అందుకే ఆ పొద్దున, తెరిచి చూసే ధైర్యం లేక, ముందు బావకే ఫోన్ చేసి అక్క రాసిందని చెప్పేశాను. "వస్తన్నా, ఉండు" అని పెట్టేశాడు. ఆయన బస్సులో ఉండగా తెరిచి చూస్తే, ఏటా డబ్బు కట్టేవాళ్లు లేక గడువు తీరిన ఆ సైటు పేరును ఎవరో కొనుక్కుని, అప్పులిస్తామంటూ ప్రకటన పెట్టారు. కోపంతో రీడర్లోంచి ఆ పేరే తీసెయ్యబోయాను గానీ, సైటులోంచి మాయమైన అక్క రాతలు ఇక ఈ రీడర్లోనే మిగిలాయి, తీసేస్తే అవీ పోతాయి.

బావ వచ్చీ రాగానే "చదువురా" అన్నాడు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఆయన చొక్కా తిరగేసి తొడుక్కుని పెళ్లికి వెళ్లిన సంగతి అక్క ఎప్పుడో రాస్తే, దాన్నే తీసి కొత్తదన్నట్టు చదివాను. అంతా విని కండువాతో కళ్లు ఒత్తుకుని, "ఇది చానా పాతదిలేరా. ఏం కాదు, ఇంకోసారి చదువు" అన్నాడు.

అప్పట్లో మనం కోరి చేర్చుకున్నవాళ్ల మాటే మన దగ్గరికి వచ్చేది. ఇప్పుడు అక్క పేరు మీద ఎవరెవరో వస్తున్నారు. వాటిని నేను తెరవను. కానీ ఆ పేరు వెలిగిన ప్రతిసారీ బావకు ఫోన్ చేస్తాను, అక్క రాసిందని చెబుతాను.