మా అత్త కుక్కకు నేను చెప్పిన వయసు

చాయ్ తాగుకుంట వినుండ్రి, కాని నవ్వద్దు. మొన్న సోమవారం నా ఒక్క మాటతోని మా అత్త దొంగైంది. అత్త అంటే ఎవరో కాదు, నా భార్యను కన్న తల్లి. నేను చేసిందల్ల ఒక కుక్క నోరు తెరిచి దాని వయసు చెప్పుడు.

మొదటి సంది చెప్త. రజాకార్ల గడబిడ ఎక్కువైనప్పుడు నేను, మా ఆమె, పిల్లలు బడంగ్‌పేట్‌ల మా పెద్దనాయిన కొడుకు ఇంట్ల తలదాచుకున్నం గదా. ఏడాది దాటింది అక్కడనే. పోలీస్ యాక్షన్ అయ్యి, మిల్ట్రీ వచ్చి, ఊరు జర సల్లబడ్డంక వాపస్ వచ్చినం. మా అత్త లచ్చమ్మ మాత్రం ఇబ్రహీంపట్నం ఇడిసి యాడికీ పోలే. "చేపల గంప నెత్తిన పెట్టుకొని తిరిగేదాన్ని, నన్నెవడేం చేస్తడు" అని ఒక్కతే ఉండిపోయింది.

మేం వచ్చి చూస్తే ఆమె వాకిట్ల ఒక కుక్క కూసోనుంది. తెల్లది, కుడి కంటి చుట్టూ ఎర్ర మచ్చ, నా తొడ దాక ఎత్తు.

"మచ్చోడు" అన్నది అత్త. "ఉగాదికి ముందల గడ్డివాము కింద దొరికిండు. అప్పటికి కండ్లు గూడ తెరవలే. మేకపాలు పోసి సాదిన."

ఉగాదికి ముందల అంటే పది నెలలు. ఇంత పెద్ద కుక్క పది నెలల్ది ఎట్లయితది అనుకున్న. ఒక్కతే ఉండి ఉండి ముసలామెకు దినాల లెక్క తప్పింది అనుకున్న. పైకి అనలే గాని గది నా మనసుల పడిపోయింది.

ఇగ నా సంగతి మీకెరికే. మన అంగడిల ఎద్దు చేతులు మారాలంటే ముందు నా వేలు దాని నోట్లె పడాలె. రెండు పండ్లు వేస్తే రెండున్నరేండ్లు, నాలుగు వేస్తే మూడు దాటినట్టు, ఎనిమిదీ వేసి నోరు నిండితే ఐదేండ్లు. పన్నెండేండ్ల సంది చూస్తున్న, ఒక్కపారి తప్పలే. నేను వేలు పెట్టి చెప్పినంక కొనెటోడు అమ్మెటోడు ఇద్దరూ నోరు మూసేటోళ్ళు. అంత గర్వం ఉండె నాకు.

అటు దొర ఉండే బంగ్లా, గడి సంగతి. జనం మీద పడ్డనాడు దొర పట్నం పారిపోయిండు గదా. రెండేండ్లాయె. ఇప్పటికీ దొర రాలే గాని ఆయన లెక్కలు రాసే మున్షీ వచ్చిండు. గడిల పోయిన సామాన్లు ఎవరింట్ల ఉన్నయో వెతుకుతుండు. ఎవరింట్ల ఏం దొరికినా వాళ్ళు సంఘపోళ్ళే, కమ్యూనిస్టులే అని మిల్ట్రీ క్యాంపుకు తోలిస్తుండు. ఆ క్యాంపుకు పోయినోళ్ళల్ల కొందరు ఇంకా ఇంటికి రాలే.

సోమవారం పొద్దున మా అత్త గంప దించుకొని చావడి ముందలికెళ్ళి వస్తుంది. ఎనక మచ్చోడు. మున్షీ చూసిండు.

"ఇది గడి కుక్క" అన్నడు.

నిజానికి గడి కుక్క గూడ తెల్లదే, దానికీ కంటి కాడ మచ్చనే. గడి మీద పడ్డనాడే అది తప్పిపోయింది. అప్పటికే దానికి మూడేండ్లు అని మున్షీ అంటడు. మా అత్త తల గూడ వంచలే. "నీ గడి కుక్క ఊరంత తిరిగేది మున్షీ. దాని పోలికలయి వాడకు రెండున్నయ్. ఇది నేను సాదిన పిల్ల" అన్నది.

ఊరి పటేల్ మధ్యల పడ్డడు. "దీనికింత లొల్లి ఎందుకు? ఐదేండ్లదైతే గడిది, ఏడాది లోపలిదైతే లచ్చమ్మది. పండ్లు చూసేటోన్ని పిలువుండ్రి."

సాక్ష్యం చెప్పేటోళ్ళు లేరా అంటరేమో. ఊర్లె సగం మంది నా తీర్గనే అప్పుడు ఊర్లె లేరు. ఉన్నోళ్ళు మున్షీ ముందల నోరు తెరవలే. ఆ దినం చావడిల నోరు తెరిచింది మచ్చోడు ఒక్కడే, అది గూడ నేను తెరిపిస్తే.

నేను పోంగనే ఎవరో అన్నరు, "ఆమె అల్లుడే గదా, ఆమె దిక్కే చెప్తడు" అని.

మున్షీ నవ్విండు. "అల్లుడైనా సరే. పండ్ల కాడ ఈయన అబద్ధమాడడు, నాకెరుక."

గా మాటకు నేను పొంగిన. పొంగి, తువ్వాల నడుముకు చుట్టుకొని, పది మంది చూడంగ మచ్చోని మూతి పట్టుకున్న. పాపం అది తోక ఊపుకుంట నోరు తెరిచింది. చూస్తే నోరు నిండ పండ్లు. ఒక్క సందు గూడ లేదు. ఎద్దుకు పై దవడకు ముందు పండ్లే ఉండయి గదా, దీనికి పైన గూడ ఉన్నయ్. కిందియి నిండితేనే ఐదేండ్లు, పైయి గూడ నిండినయంటే ఇంకెంతుండాలె అని లెక్క కట్టిన. గట్ల లెక్క కట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్న గూడ.

"ఐదు దాటింది" అన్న. "ఆరు అన్నా తప్పు లేదు."

అత్త నా దిక్కు చూసింది. "అల్లుడా, జర మల్ల చూడు" అన్నది మెల్లగ.

"పండ్లు అబద్ధమాడయి అత్తా" అన్న. నాకు ఇప్పటికీ ఆ మాట చెవుల్ల మోగుతుంది.

మున్షీ ఆలస్యం చెయ్యలే. ఇద్దరు మనుషుల్ని అత్త ఇంటికి తోలిండు, గడి సామాన్లు ఇంకేమన్నా ఉన్నయేమో చూడుమని. వాళ్ళకు దొరికింది ఒక చినిగిన వల, రెండు కోళ్ళు. అయినా మచ్చోని మెడకు తాడేసి క్యాంపుకు గుంజకపోయిండ్రు. "రేపు పొద్దున నువ్వు గూడ రావాలె, క్యాంపు పెద్ద సాబ్ ముందల బయాను ఇయ్యాలె, జరిగింది చెప్పాలె" అని అత్తకు చెప్పిండ్రు. ఆమె ఖాళీ గంప ఎత్తుకొని ఇంట్లకు పోయింది.

ఇంటికొచ్చేసరికి మా ఆమెకు ఖబర్ అందింది. ఏడుస్తలేదు. ఏడ్చినా బాగుండు. "మా అమ్మను వాళ్ళు ఉంచుకుంటే రేపటి సంది చేపల గంప నువ్వే మొయ్యి" అన్నది, అంతే. ఇంత అన్నం పెట్టి లోపలికి పోయింది.

మాపటిజాము మున్షీ కాడికి ఉరికిన. "మున్షీ సాబ్, నాకు ఎద్దులే తెలుసు. కుక్కల సంగతి నాకు తెల్వదు. నా మాట వాపస్ తీసుకుంట" అన్న.

ఆయన తాపీగ పాన్ నములుకుంట విన్నడు. "గా ముక్క పొద్దున ఎందుకు చెప్పలే? అప్పుడు అబద్ధమాడినవా, ఇప్పుడు ఆడుతున్నవా? ఏదన్నా సరే, రేపు నీ అత్త ఎనక నువ్వు గూడ రా. సాబ్‌కు నువ్వే చెప్పు."

అత్తను బయట పడేద్దామని పోయి నేను గూడ ఇరికిన.

మంగళవారం పొద్దున శేరిగూడ తొవ్వల క్యాంపుకు పోయినం. అత్త ముందల, నేను ఎనక. గుడారాల ముందల సాబ్ కుర్చీల కూసోనుండు. మున్షీ అంత చెప్పిండు. కుక్క ఐదేండ్లదని ఆమె సొంత అల్లుడే చెప్పిండని రెండుపార్లు చెప్పిండు. సాబ్‌కు ఇదంత విసుగైనట్టుంది. కంచర గాడిదలను చూసుకునే హవల్దారును పిలిపించిండు. మీసాలు తెల్లబడ్డ మనిషి. జంతువుల సంగతి ఆయనకే తెలుసట.

హవల్దారు మచ్చోని పెదివి ఒక్క వేలుతోని ఎత్తి చూసి, నిలబడ్డడు. "యే తో బచ్చా హై, సాబ్" అన్నడు. పిల్లకుక్కనే అన్నట్టు.

అత్త బతికింది అన్న సంతోషం సగం, నా పన్నెండేండ్ల పేరు పోయింది అన్న బాధ సగం.

"కిస్నే బోలా పాంచ్ సాల్?" అని హవల్దారు అడిగిండు, ఐదేండ్లని ఎవరు చెప్పిండ్రని. అక్కడున్నోళ్ళందరు నా దిక్కు చెయ్యి చూపిండ్రు. అత్త గూడ చూపింది.

ఆయన నన్ను దగ్గరికి పిలిచి, ఉర్దూల నిమ్మళంగ చెప్పిండు. ఎద్దుకు నోరు నిండనికి ఏండ్లు పడ్తది, కుక్కకు ఏడు నెలలకే నిండుతదట. నిండిందా లేదా అని కాదట, అరిగిందా లేదా అని చూడాలెనట. మచ్చోని ముందు పండ్లు చూపించిండు. తెల్లగ, కొసలు మొగ్గల లెక్క, ఒక్కటీ అరగలే. "సాల్ భర్ కా భీ నహీ" అన్నడు. ఏడాది గూడ లేదు. మా అత్త లెక్క తప్పలే. దినం గూడ తప్పలే.

సాబ్ చెయ్యి ఊపిండు, పొమ్మని. మున్షీ గుడారాల ఎనకకెళ్ళి పోయిండు.

ఇక్కడికి అయిపోతే నేను ఇట్ల కూసోని మీతోని చెప్పుకునేటోన్ని కాదు. అత్త తాడు పట్టుకొని "దా మచ్చా" అన్నది. మచ్చోడు కదల్లే. రాత్రంత వాళ్ళ వంటగుడారం కాడ కట్టేసిండ్రట. మటన్ బొక్కలు వేసిండ్రట. మా అత్త కాడ దొరికేది జొన్న గట్క, అప్పుడప్పుడు చేప తల. అత్త గుంజింది, అది కాళ్ళు తన్నిపట్టింది. నాలుగడుగులు వచ్చినట్టే వచ్చి, తాడు గుంజుకొని వంటగుడారం దిక్కు ఉరికింది. అత్త ఇంకోపారి పిలిచింది. అది తోక ఊపింది గాని రాలే.

"రహ్‌నే దో మాయీ" అన్నడు హవల్దారు, ఉండనియ్యి అమ్మా అని. అత్త తల ఊపి, తిరిగి నడిచింది.

మేకపాలు పోసి సాదింది ఆమె, నేను గాదు. ఆ ఒక్క రాత్రి అది అక్కడ ఉండాల్సొచ్చింది నా వల్లనే. ఆమె ఎనక నడుస్తున్న, తల వంచుకొని. శేరిగూడ దాటినం. ఊరు కనబడ్డంక ఆమె ఆగి, నా మొఖం దిక్కు నిమ్మళంగ చూసింది.

"నా బిడ్డనిచ్చిననాడు" అన్నది, "నీ పండ్లు చూసి ఇయ్యాల్సుండె."

నేను నోరు గట్టిగ మూసుకున్న. తెరిస్తే అక్కడనే చూస్తదేమో అని.