బొమ్మ వెనకవైపు

పోయిన మంగళవారం, చిన్నప్పుడు మేమున్న జనక్‌పురి నుంచి ఫోన్ వచ్చింది. మా కింది ఇంటి ఆంటీ ఇక లేరు. ఫోన్ పెట్టేశాక నేను చేసిన మొదటి పని, వేసుకున్న జాకెట్టు చేతి అంచు తిరగేసి లోపలి కుట్టు చూసుకోవడం. ఆవిడ కుట్టిందే.

కాలనీలో తెలుగువాళ్లందరికీ జాకెట్లు ఆంటీయే కుట్టేవారు. నేను హిందీలో జవాబిస్తే, తెలుగులో చెప్పేదాకా వినబడనట్టే మిషను తొక్కేవారు. కుట్టు తప్పితే దాచకుండా విప్పి మళ్లీ కుట్టేవారు. ఎవరు కొత్త బట్ట చూపించినా ముందు తిరగేసేవారు. "పైపైన అందరూ బాగానే కుడతారే. లోపల చూడాలి."

తొంభైల మొదట్లో, నా ఎనిమిదో తరగతిలో, డ్రాయింగ్ సారు నా గుర్రం బొమ్మను క్లాసంతటికీ చూపించి నవ్వించారు. ఇంటికొచ్చి రంగుల డబ్బా ఆంటీ చేతిలో పెట్టాను. ఎవరికైనా ఇచ్చేయండి, ఇక జన్మలో బొమ్మ వెయ్యనన్నాను. ఆవిడ డబ్బా అందుకున్నారు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కించి ఇండియా గేట్ దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ ఒకప్పటి రాజుగారి మేడలో చిత్రాల మ్యూజియం ఉంది. అంతకుముందోసారి ఎవరో ఆఫీసరు భార్యకు జాకెట్లు ఇచ్చి వస్తూ బోర్డు చూశారట.

లోపల ఓ గుర్రం బొమ్మ ముందు ఆగి, కాపలా మనిషిని పిలిచారు.

"భయ్యా, జరా ఉల్టా కర్‌కే దిఖావో."

బొమ్మ తిప్పి వెనక చూపించాలట! అతను బిత్తరపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కుదరదని అతనంటే, ఆవిడ కళ్లజోడు సర్దుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చాలాసేపు చూశారు. తర్వాత నన్ను పిలిచారు. పల్చటి రంగు కింద పెన్సిలు గీత. ముందు గీసి వదిలేసిన కాలు ఒకటి, దాని పక్కనే రంగు వేసిన కాలు.

"చూశావా? ఈయనా విప్పి కుట్టినవాడే" అన్నారు.

ఇంటికి రాగానే మిషను సొరుగులోంచి నా రంగుల డబ్బా తీసి ఇచ్చారు. ఎవరికీ ఇవ్వలేదన్నమాట. ఆ వారమే గుర్రాన్ని మళ్లీ వేశాను, నాలుగుసార్లు చెరిపి. అది ఆంటీకే ఇచ్చేశాను. ఆవిడ ముందు కాగితం తిరగేసి చూశారు, ఇంకేం చేస్తారు!

ఇవాళ పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నాను. ఆ ఆదివారం లేకపోతే ఈ పని లేదు. ఆ మాట ఆవిడతో ఒక్కసారైనా చెప్పాల్సింది.

నిన్న వాళ్లింటికి వెళ్తే, ఆంటీ కోడలు మిషను పైన గోడకున్న ఫ్రేము తీసి నా చేతికిచ్చింది. నా గుర్రమే. అలవాటు కొద్దీ తిరగేశాను. వెనక అట్టమీద, కొలతలు రాసుకునే నీలం పెన్సిలుతో, నా పేరు. దాని కింద: "విప్పి కుట్టిన పని. బాగా కుదిరింది."