రేగడి డొంకకు టైర్లు

ఉదయం ఎనిమిదింపావుకు జీపు వెనక టైరు పేలింది. ఊరి నుంచి తారురోడ్డుకు పోయే డొంకలో, సగం దారిలో. జీపులో ఉన్నది ముగ్గురం: నేను, గుంటూరు నుంచి వచ్చిన మా మరిది, డ్రైవరు. వైశాఖ మాసం. నల్లరేగడి నేల చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చి ఉంది. డ్రైవరు దిగి చూసి, పత్తి మోడు దిగిందని చెప్పాడు. పత్తి కట్టె నరికాక మిగిలే మొదళ్ళు ఎండితే మేకుల్లాగే ఉంటాయి. కట్టె బండిలోంచి జారిపడ్డదేదో డొంకలో ఉండిపోయింది. కొత్త టైరైతే దాన్ని తొక్కుకుంటూ పోయేది. మావి రెండుసార్లు రీట్రేడింగ్ అయిన టైర్లు. అతికించిన రబ్బరు కూడా అరిగిపోయి లోపలి దారాలు కనిపిస్తున్నాయి.

ఆ జీపును మా ఆయన వేలంపాటలో కొన్నారు. పత్తికి కొట్టే మందు డబ్బాలు, మిరపకాయ బస్తాలు, కూలీలకు మంచినీళ్ళ డ్రమ్ము అందులోనే వెళ్ళేవి. ఊళ్ళో ఎవరికైనా నొప్పులొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళేదీ అదే. పంట చేతికొచ్చిన ప్రతిసారీ టైర్లు మార్చాలి అనేవారు. మార్చలేదు. ఆ వైశాఖానికి ముందటి కార్తీకంలో పచ్చకామెర్లతో గుంటూరు ఆస్పత్రిలో పోయారు. అప్పటికి వానలు వెనకబట్టి దారి బాగానే ఉంది. ఆయన పోవడానికీ టైర్లకూ సంబంధం లేదు. ఉందని తర్వాత ఊళ్ళో కొందరు చెప్పుకున్నారు కాబట్టి ఈ మాట రాస్తున్నాను.

మా మరిది గుంటూరులో ప్లీడరు. మంచివాడు. మా ఆయన పోయినప్పటి నుంచి నెలకోసారి వచ్చి ఒకటే మాట చెప్పేవాడు. పొలం కౌలుకిచ్చి గుంటూరు వచ్చేయమని, వాళ్ళ మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయని, జీపు తన దగ్గరే ఉంచుకుంటానని. మాకు పిల్లలు లేరు. నాకు అప్పటికి నలభై నిండలేదు. ఆ రోజు బయల్దేరింది ఆ గదులు చూడడానికే. చూస్తే సరే అంటానని అతను అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

“ఈ ఊళ్ళో మీతో మాట్లాడేదెవరు వదినా?” అని ముందురోజు రాత్రి భోజనాల దగ్గర అడిగాడు.

నిజానికి ఎవరూ మాట్లాడడం లేదు. మా ఇల్లు ఊరి చివర, డొంక మొదట్లో ఉంటుంది. ఊళ్ళోంచి ఎవరు ఎక్కడికి బయల్దేరినా మా గుమ్మం ముందు నుంచే పోవాలి. భర్త పోయిన మనిషి ఎదురైతే వెళ్ళిన పని కాదని మా వైపు నమ్మకం. వాళ్ళు నన్ను ఏమీ అనేవాళ్ళు కాదు. బయల్దేరే వేళకు నేను వసారాలో కనిపిస్తే కొంచెం దూరంలో ఆగి, చెప్పులోంచి రాయి తీసుకుంటున్నట్టు వంగి, నేను లోపలికి వెళ్ళాక కదిలేవాళ్ళు. అది అర్థమయ్యాక పొద్దుటి బస్సు వేళకు నేనే లోపలికి పోవడం అలవాటు చేసుకున్నాను. లోపల కూర్చుని చదువుకునేదాన్ని. ఇంట్లో పుస్తకాలున్నాయి. చదివిందాన్ని గురించి చెప్పడానికి మనిషి లేకపోవడం వేరే సంగతి.

అరిగిన స్టెప్నీ బిగించుకుని మెల్లగా చిలకలూరిపేట చేరాం. హైరోడ్డు పక్కన లారీ టైర్ల కొట్టు. ముందు చప్టా మీద టైర్లు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. అక్కడ టీ తాగుతున్న లారీ డ్రైవరొకడు మా జీపు చుట్టూ తిరిగి చూశాడు.

“ఏందయ్యా, నీ టైర్లు తిరపతి పోయొచ్చినయ్యా? నున్నగా గుండ్లు కొట్టిచ్చావు.”

“ఎప్పుడో పోయొచ్చినయ్. ఇంక తీర్చాల్సిన మొక్కులేం మిగల్లా” అన్నాడు మా డ్రైవరు.

నేను నవ్వాను. కార్తీకం తర్వాత నవ్వడం అదే మొదలనుకుంటాను. ఎవరూ చూడలేదు.

కొట్టు ఆయన మా మరిదిని చూసి కుర్చీ వేయించాడు. నాకు కూడా ఒకటి వేయించాడు కానీ మాటలన్నీ అతనితోనే. జీపుకు సరిపోయేవి మూడు రకాలు తెప్పించి మా ముందు దొర్లించాడు. మొదటిదానికి చుట్టూ సన్నటి నిలువు గీతలున్నాయి. అది తారురోడ్డుకు మంచిది, చప్పుడు చేయదు, చాలాకాలం వస్తుంది, డీజిలు తక్కువ తాగుతుంది. రెండోదానికి అరచేతి వెడల్పు రబ్బరు గుబ్బలు, మధ్యమధ్య లోతైన సందులు. బురదలో పట్టు దొరుకుతుంది కానీ తారు మీద హోరుమంటుంది, తొందరగా అరుగుతుంది. మూడోది చిన్నచిన్న గళ్ళది. రెండు దారుల్లోనూ నడుస్తుందని చెప్పాడు.

మా మరిది మొదటిదాని మీద చెయ్యి వేశాడు. “అన్నయ్య ఉంటే ఇవే వేయించేవాడు. డీజిలు దగ్గర ఎంత జాగ్రత్తో మీకు తెలుసు కదా.”

మా డ్రైవరు ఆ చప్టా కిందే నిలబడి ఉన్నాడు. వాడు మధ్యలో మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాట్లాడాడు. “బాబుగారు గుబ్బల టైర్లే ఏపిద్దామన్నారండి. మిరపకాయలు అమ్మినాక ఏపిద్దాంరా అని నాతోనే అన్నారు.”

“నీతో ఎప్పుడన్నాడు?”

“చేను కాడండి.”

ఇద్దరూ నా వైపు చూశారు. ఆయన ఏం కావాలనుకున్నారో నాకు తెలిసి ఉంటుందని. నాకు తెలియదు. పదిహేనేళ్ళ కాపురంలో మేం చాలా విషయాలు మాట్లాడుకున్నాం. ఆయన చదివినవీ నేను చదివినవీ, ఏ గింజ వేయాలో, ఎవరింట్లో పెళ్ళికి ఎవరు వెళ్ళాలో. టైర్ల సంగతి ఎప్పుడూ రాలేదు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో అడగడానికి ఆయన లేరు. బహుశా రెండూ నిజమే. చేను దగ్గర ఒకటి, గుంటూరులో ఒకటి అనుకుని ఉండవచ్చు. ఆయన కోరిక ప్రకారం చేశామని చెప్పుకునే వీలు నాకు అక్కడ లేకుండా పోయింది. పోయినవాళ్ళ తరఫున మాట్లాడడం ఎంత తేలికో కూడా అక్కడే చూశాను.

నాకు ముందు మూడోదాని మీదికే మనసు పోయింది. అది కొంటే ఎవరినీ కాదనక్కర్లేదు. లేచి దాని దగ్గరకు వెళ్ళి గళ్ళ మధ్య వేలు పెట్టి చూశాను. వేలి మొన మాత్రం దూరింది. రేగడిలో నడిచేవాళ్ళకు ఒక సంగతి తెలుస్తుంది. వాన పడ్డాక ఆ మట్టి చెప్పుల అడుగున పట్టుకుంటుంది, నాలుగడుగులు వేసేసరికి చెప్పు బరువెక్కి కాలికి పీటలు కట్టినట్టుంటుంది. సన్నగీతల చెప్పులైతే పుల్ల పెట్టి గీకినా పోదు. అడుగున పెద్ద పెద్ద సందులున్న చెప్పులైతే విదిలిస్తే ఊడిపడుతుంది.

“మా రేగడిలో ఇందులో మట్టి పట్టేయదూ?” అని అడిగాను.

కొట్టు ఆయన అప్పుడు మొదటిసారి నాతో మాట్లాడాడు. “పట్టిద్దమ్మా. ఒక చుట్టు తిరిగేసరికి నున్నగా మూసుకుపోయిద్ది. ఇది ఇసక కలిసిన గరువు నేలకీ కంకర రోడ్డుకీ.” తర్వాత మళ్ళీ మా మరిది వైపు తిరిగాడు. “అయ్యా, పోయినాయన ఏమన్నాడో వదిలేయండి. బండి ఇప్పుడు ఏ దారిలో తిరిగిద్ది? అది చెప్పండి, టైరు నేను చెప్తా.”

“గుంటూర్లోనే” అన్నాడు మా మరిది. అతను అబద్ధం చెప్పలేదు. మేం అనుకున్నది అదే.

ఆర్నెల్లుగా నా దగ్గరకు వచ్చినవాళ్ళు రాత గురించీ రుణానుబంధం గురించీ చెప్పారు. ఏం చేయబోతున్నావని అడిగినవాళ్ళు లేరు. కొట్టు ఆయన నన్ను అడగలేదు కూడా. అయినా ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గరే ఉంది.

“గుంటూర్లో కాదు. మా డొంకలోనే తిరుగుతుంది” అన్నాను.

మా మరిది “వదినా” అన్నాడు. కొట్టు ఆయన ఇద్దరినీ చూసి, లోపలికి కేకేసి, గుబ్బల టైర్లు నాలుగు తీయమన్నాడు.

బిగించడానికి మధ్యాహ్నం దాటింది. కొత్త టైర్లు వేసినప్పుడు పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయ కొట్టి బండి కదిలించడం ఆనవాయితీ. కొట్టు ఆయన వాటిని తెప్పిస్తుంటే నేను పాత టైర్లు పారేసిన పక్కకు వెళ్ళి నిలబడ్డాను. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రమ్మనలేదు. టైర్లకు బొట్లు మా మరిదే పెట్టాడు. నిమ్మకాయలు చితికిన చప్పుడు విన్నాక వచ్చి జీపెక్కాను.

గుంటూరు వెళ్ళలేదు. బస్టాండు దగ్గర మా మరిది దిగిపోయాడు. కోపంగా లేడు, అలిసిపోయినట్టున్నాడు. “ఈ వానాకాలం చూడండి. దారి మూసుకుపోయి నాలుగు రోజులు మనిషి మొహం కనిపించనప్పుడు నా మాట గుర్తుచేసుకోండి. గదులు ఎక్కడికీ పోవు” అన్నాడు.

తిరుగు దారిలో తారు మీద ఆ టైర్ల హోరుకు డ్రైవరు ఏం చెప్పినా వినపడలేదు. కాసేపు చెప్పి మానేశాడు. మా ఆయన ఉంటే ఆ హోరు మైలు దూరం నుంచి ఇంట్లో వినపడి, నేను అన్నం వార్చేదాన్ని. ఇప్పుడు జీపులో ఉన్నదాన్ని నేనే. వినడానికి ఇంట్లో ఎవరూ లేరు.

మొదటి పెద్ద వానకే జీపు కూరుకుపోయింది. ఈ టైర్లకు వాన ఒక లెక్కా అని డ్రైవరు తొందరపడ్డాడు, నేనూ సరే అన్నాను. డొంక మలుపు దాటకముందే నాలుగు చక్రాలూ నల్లటి ముద్దలయ్యాయి. గుబ్బలు విదిలించిన మట్టంతా పైన మడ్‌గార్డు లోపల అతుక్కుని చక్రం తిరగడం ఆగిపోయింది. పలుగు పెట్టి గీకి, పక్క పొలం రైతు ఎద్దుల్ని కట్టి లాగించాడు. “కొత్త కాళ్ళు ఏపిచ్చినా నడిచేది మా ఎద్దుల కాళ్ళతోనేనా ఏరా?” అని డ్రైవరును ఆటపట్టించాడు.

అప్పుడు తెలిసింది. రేగడి పూర్తిగా తడిసినప్పుడు ఏ టైరూ నడవదు. బాగా ఆరితే ఏ టైరైనా నడుస్తుంది. మేం కొన్న టైర్లు ఆ రెంటికీ మధ్య రోజులకు. ఆ రోజు వచ్చిందో లేదో నేల చెప్పాలి. పైన తెల్లటి పొర కట్టి ఆరినట్టే ఉంటుంది, కింద మెత్తగా ఉంటుంది. వాన వెలిసిన మర్నాడు నుంచి రోజూ పొద్దున్నే నేను చెప్పులు విడిచి డొంక మలుపు దాకా నడిచి, అక్కడక్కడా మడమ పెట్టి నొక్కి చూసేదాన్ని. మడమ దిగబడి మట్టితో పైకి వస్తే ఆ రోజు కాదు. దిగబడినా శుభ్రంగా వస్తే జీపు పోతుంది. దిగబడకుండా గట్టిగా ఉంటే ఎడ్లబండి కూడా పోతుంది. ఒకటి రెండుసార్లు తప్పు చెప్పాను. తర్వాత తప్పలేదు.

నేను చెప్పిన రోజున జీపు వెళ్ళి రావడం ఊళ్ళో చూశారు. ఒక పొద్దున, మా జీపును లాగించిన ఎద్దులవాడు బండి కట్టి మా ఇంటికి కొంచెం దూరంలో ఆపాడు. నేను వసారాలో కాళ్ళు కడుక్కుంటున్నాను. నన్ను చూసి ఆగాడనుకుని లోపలికి పోబోయాను.

“ఆగమ్మా, నీ కోసమే వచ్చా” అన్నాడు. “డొంక ఆరిందా?”

మలుపు దగ్గర ఇంకా మెత్తగా ఉందని, ఎండ ముదిరాక పొమ్మని చెప్పాను. అతను బండి తిప్పుకుని పోయి, మధ్యాహ్నం మళ్ళీ వచ్చి, నా ముందు నుంచే వెళ్ళాడు. ఆ వానాకాలంలోనే ఒకరి తర్వాత ఒకరు మొదలుపెట్టారు. మిరపనారు తెచ్చుకునేవాళ్ళు, బస్సుకు పోయే పంతులుగారు, పుట్టింటికి బయల్దేరిన ఆడవాళ్ళు. బయల్దేరే ముందు వచ్చి గుమ్మం ముందు నిలబడి అడిగేవాళ్ళు. ఎదురు రావడం గురించి వాళ్ళ నమ్మకం మారిందని నేననుకోను. పెళ్ళిళ్ళకు నన్ను పిలిచినా ముందు వరసలో కూర్చోమని అనలేదు. డొంక సంగతి మాత్రం వేరుగా పెట్టుకున్నారు. అడిగి, జవాబు విని వెళ్ళిపోయేవాళ్ళు. కొందరు కాసేపు నిలబడి వాళ్ళ చేను గురించి చెప్పేవాళ్ళు. మిగతా రోజంతా మళ్ళీ ఇల్లు, పొలం, పుస్తకం.

మా మరిది దీపావళి ముందు వచ్చాడు. వసారాలో కూర్చుని ఆ పొద్దున వచ్చినవాళ్ళను చూశాడు. గదుల మాట ఎత్తలేదు. తర్వాత వాటిని అద్దెకిచ్చాడు.

నేను ఆ ఊళ్ళోనే ఉండిపోయాను. ఎనభైలు అయిపోవస్తుండగా డొంకకు కంకర పోసి, ఆ తర్వాత తారు వేశారు. గుబ్బల టైర్లు అరిగాక గీతలవే వేయించాను, ఆ తర్వాత జీపు అమ్మేశాను. వాన పడినా బస్సు ఇప్పుడు ఊళ్ళోకే వస్తుంది. మంచి పనే జరిగింది, ఆస్పత్రికి పోవాల్సినవాళ్ళు ఆగక్కర్లేదు. డొంక ఆరిందా అని అడగడానికి ఎవరూ మా గుమ్మం ముందు ఆగరు.